పండుటాకుల వేళ పర్వతాలకు: ఫోటో యాత్రను ఎలా ప్లాన్ చేసుకోవాలి?

“కొండల్లో ఆకులు ఏ తేదీకి రంగు తిరుగుతాయి?” అని ఏటా ఆగస్టు రాగానే పాఠకులు అడగడం మొదలుపెడతారు. ఒక తేదీ చెప్పి తప్పించుకోవడం నాకూ తేలికే. కాని ఒక్క తేదీని నమ్ముకుని టికెట్లు కొనుక్కుని వెళ్ళినవారిలో చాలామందికి అక్కడ ఇంకా పచ్చగా ఉన్న చెట్లో, అప్పటికే మోడులైన చెట్లో ఎదురవుతాయి. ఒక చోట రంగు నిండుగా నిలిచేది వారం పది రోజులే, ఆ వారం కూడా ఆ ఏటి చలిని, వానను, గాలిని బట్టి ముందుకో వెనక్కో జరుగుతూ ఉంటుంది. అందుచేత ఈ వ్యాసంలో తేదీని కాక ఎత్తును ఆధారం చేసుకుని యాత్రను ఎలా అమర్చుకోవాలో వరుసగా చెబుతున్నాను.

కావలసినవి

- రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టినదంతా వదలకుండా దాచే ఫైలుగా) తీయగలిగిన కెమెరా ఏదైనా సరిపోతుంది. లెన్సుల్లో విశాలంగా చూపే (వైడ్) 24–70 మి.మీ. ఒకటి, దూరాన్ని దగ్గరగా చూపే (టెలిఫోటో) 70–200 మి.మీ. ఒకటి ఉంటే చాలు. ఒక్కటే మోయగలిగే పరిస్థితి వస్తే నేను 70–200 వైపే మొగ్గుతాను. దూరపు వాలు మీద పసుపు, ఆకుపచ్చ, మంచు తెలుపు ఒకదాని పక్కన ఒకటి కనిపించే భాగాన్ని ఏరుకుని తీయడమే కొండల్లో ఎక్కువగా చేసే పని, ఆ పని వైడ్ లెన్సుతో సాగదు.
- కింద సంచి తగిలించుకునే కొక్కెం ఉన్న ట్రైపాడ్.
- ఆకుల మీది తళుకును తగ్గించే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్.
- కనీసం మూడు బ్యాటరీలు. విమానంలో వెళ్తుంటే విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి.
- ఎర్ర వెలుతురు కూడా ఇచ్చే హెడ్ టార్చి.
- పొరలు పొరలుగా వేసుకునే చలి దుస్తులు, లోపల పలుచని చేతి తొడుగులు, వాటి మీద మందపాటివి. నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ మరచిపోవద్దు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 నుంచి 12 శాతం పెరుగుతుంది, చలిలో అది చర్మానికి తెలియదు.
- కెమెరా మొత్తం పట్టే, మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ సంచి ఒకటి. దీని పని చివర్లో వస్తుంది.
- ఫోనులో ఆఫ్‌లైన్ పటం, జేబులో కాగితపు పటం.

1. ఎత్తుల తేడా ఉన్న లోయను ఎంచుకోండి

ఎత్తుకు వెళ్ళే కొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందన్న లెక్క గుర్తుంచుకుంటే చాలు. పగళ్ళు కురచబడి, రాత్రులు చల్లబడినప్పుడు ఆకుల్లోని పత్రహరితం విరిగిపోయి, అంతవరకు దాని కింద దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. కాబట్టి రంగు ముందుగా పైవాలులో మొదలై, రోజులు గడిచే కొద్దీ మెట్టు మెట్టుగా లోయలోకి దిగుతుంది.

దీన్ని బట్టి మీరు ఎంచుకోవలసింది ఒక ప్రసిద్ధమైన చెరువునో, ఒకే ఊరినో కాదు. అడుగున ఒక ఊరు, మధ్యలో ఒక మజిలీ, పైన ఒక కనుమ ఉండి, వాటి మధ్య 1,000 మీటర్లైనా తేడా ఉండి, ఒక్క పూటలో పైకీ కిందికీ తిరగగలిగే రోడ్డో, కాలిబాటో ఉన్న లోయను ఎంచుకోవాలి. ముందుగా చేరుకున్నారా, పైకి ఎక్కండి. ఆలస్యమైందా, కిందికి దిగండి.

చెట్లు ఏవో కూడా చూసుకోవాలి. పటంలో అడవి అని ఉన్నంత మాత్రాన అది రంగు మారే అడవి కానక్కరలేదు, పైన్ అడవి ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. కొలరాడో పర్వతాల్లో ఆస్పెన్ చెట్లు సాధారణంగా సెప్టెంబరు చివరి వారాల్లో పసుపెక్కుతాయి. కెనడా రాకీ పర్వతాల్లో లార్చ్ చెట్లకు కూడా ఇంచుమించు అదే సమయం. ఇటలీ డోలమైట్స్‌లో లార్చ్ అక్టోబరు రెండో సగంలో బంగారు రంగుకు వస్తుంది. లడఖ్‌లో వాగుల వెంట ఉండే పోప్లార్, విల్లో చెట్లకు అక్టోబరే నెల. దక్షిణార్ధగోళంలోని పటగోనియాకు వెళ్ళేవారు క్యాలెండరును తిరగేసుకుని ఏప్రిల్‌ను చూసుకోవాలి. లార్చ్ గురించి ఒక మాట: అది సూదుల వంటి ఆకులున్నా ఏటా ఆకు రాల్చే చెట్టు. మొదటిసారి చూసేవారు ఎండిపోయిన పైన్ అనుకుని ముందుకు సాగిపోతారు.

2. తేదీని ఉపగ్రహ చిత్రాలతో సరిచూసుకోండి

పాత ఫోటోల కింద రాసిన తేదీలను నమ్మవద్దు. తీసిన రోజు వేరు, పెట్టిన రోజు వేరు. అంతకంటే నమ్మదగిన దారి ఒకటి ఉచితంగానే ఉంది. ఐరోపా భూపరిశీలన కార్యక్రమమైన కోపర్నికస్‌కు చెందిన సెంటినెల్-2 ఉపగ్రహాలు దాదాపు ఐదు రోజులకోసారి ఒకే చోటును చిత్రిస్తాయి, వాటి చిత్రాలను కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మీ లోయను అందులో వెతికి పట్టుకుని, మబ్బు తక్కువ ఉన్న రోజులను వడగట్టి, గత మూడు నాలుగేళ్ళ చిత్రాలను వారం వారంగా తిప్పి చూడండి. ఉత్తరార్ధగోళంలోనైతే ఆగస్టు చివరి నుంచి నవంబరు వరకు చూస్తే చాలు. ఏ ఎత్తులో ఏ వారం పచ్చదనం పసుపుగా మారిందో, ఏ వారం గోధుమరంగుకు వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఈ చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు కాబట్టి, వాగు వెంట ఒంటి వరుసలో ఉన్న చెట్లు అందులో సరిగా కనిపించవు. గుంపుగా ఉన్న తోపులనే చూడాలి.

ఇలా చూస్తే నాలుగేళ్ళలో రంగు తేదీ ఎంత అటూ ఇటూ ఊగిందో తెలుస్తుంది. ఆ ఊగే కాలానికి నడుమ కాక, కొంచెం ముందువైపుకే మీ రోజులను పెట్టుకోండి. ఒక్క రాత్రి ఈదురుగాలికి వారం రోజుల రంగు నేలపాలు కావచ్చు. పచ్చగా ఉన్న చెట్టుకు పై ఎత్తులో జోడు దొరుకుతుంది గాని, రాలిన ఆకును తిరిగి అతికించలేం. ఆ లోయ ఎత్తుల మధ్య మసలడానికి ఐదు నుంచి ఏడు రోజులు ఉంచుకోండి, మూడు రోజుల యాత్ర పూర్తిగా అదృష్టం మీద ఆధారపడుతుంది.

ఉపగ్రహ చిత్రాలతో కుస్తీ పట్టే ఓపిక లేనివారు ఆ లోయలోని వెబ్‌క్యామ్‌లను చూడవచ్చు, లేదా బస చేయబోయే ఇంటివారిని ఆ రోజే తీసిన ఒక ఫోటో పంపమని అడగవచ్చు. “రంగులు వచ్చాయా?” అని మాత్రం అడగవద్దు, వచ్చాయనే అంటారు.

3. రోడ్డు, అనుమతి

ఎత్తైన కనుమలు తొలి పెద్ద మంచుకే మూతపడతాయి. కాలిఫోర్నియాలోని టయోగా కనుమ సాధారణంగా నవంబరులోనూ, ఒక్కో ఏడు అంతకన్నా ముందే మూసుకుపోతుంది. అందుచేత కనుమ అవతల బస ఉన్నప్పుడు, అది మూతపడితే తిరిగివచ్చే రెండో దారి ఏదో ముందే పటం మీద గుర్తు పెట్టుకోవాలి. కొన్ని చోట్ల సొంత వాహనాన్ని రానివ్వరు. కెనడాలోని మొరైన్ సరస్సు రోడ్డు మీద 2023 నుంచి సొంత వాహనాలకు ప్రవేశం లేదు, అక్కడ బస్సు సీటు దొరకకపోతే సూర్యోదయం కూడా దొరకదు. అమెరికా, కెనడా జాతీయ ఉద్యానవనాలలో డ్రోన్ ఎగరవేయడం నిషిద్ధం. సరిహద్దులకు దగ్గరగా ఉన్న లోయల్లో కెమెరా తీసే ముందు కూడా అడగడం మంచిది.

4. ఒంటికి ఎత్తును అలవాటు చేసే రోజులను ముందే కేటాయించండి

ప్రణాళికల్లో అందరూ కోసేసే భాగం ఇదే, యాత్ర పాడయ్యేది కూడా ఎక్కువగా దీనివల్లే. 2,500 మీటర్లు దాటాక పర్వత అస్వస్థత (ఎత్తులో గాలి పలుచబడడం వల్ల వచ్చే జబ్బు) ఎవరికైనా రావచ్చు. వయసు, కండబలం దాన్ని ఆపవు. 3,000 మీటర్లు దాటిన తర్వాత రాత్రి నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో మరో రాత్రి ఉండాలి. ఇక్కడ లెక్కకు వచ్చేది పగలు దాటిన కనుమ ఎత్తు కంటే రాత్రి పడుకున్న చోటి ఎత్తు. పగలు ఎక్కి, ఫోటోలు తీసుకుని, రాత్రికి దిగి పడుకునే విధంగా రోజులను పేర్చుకుంటే ఒంటికీ మంచిది, పైన చెప్పిన ఎత్తుల పద్ధతికీ అదే సరిపోతుంది.

లేహ్ వంటి 3,500 మీటర్ల ఎత్తున్న ఊరికి నేరుగా విమానంలో దిగేవారు మొదటి రెండు రోజులు అసలు కెమెరా సంచి భుజానికి వేసుకోకుండా ఉండడం మేలు. ఆ రోజుల్లో మద్యం, నిద్రమాత్రలు ముట్టవద్దు. పర్వత అస్వస్థత రాకుండా ముందుగానే మాత్ర వేసుకోదలచినవారు అది తమకు సరిపడుతుందో లేదో వైద్యుణ్ణి అడిగే వేసుకోవాలి.

ప్రతి ఉదయం లేవగానే పరీక్ష చేసుకోండి. తలనొప్పి ఉందా, వికారంగా ఉందా, ఆకలి చచ్చిందా, రాత్రి నిద్ర పట్టలేదా? తలనొప్పికి వీటిలో ఏదైనా తోడైతే ఆ రోజు పైకి వెళ్ళవద్దు. లక్షణాలు ముదిరితే దిగిపోవాలి. మడమకు బొటనవేలు ఆనించుకుంటూ గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయండి. తూలుతుంటే, మాట తడబడుతుంటే, కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తుంటే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. తెల్లవారే దాకా ఆగకుండా, వెంట ఒకరిని తీసుకుని వెంటనే దిగి వైద్యం అందే చోటికి చేరాలి.

5. వెలుతురు లెక్కను శిఖరాలతో కలిపి వేసుకోండి

నేను మొదటిసారి ఇలాంటి లోయకు వెళ్ళినప్పుడు ఫోనులో సూర్యోదయం ఆరూ పది అని చూసి, నాలుగున్నరకే లేచి, వాగు ఒడ్డున ట్రైపాడ్ నిలబెట్టుకుని కూర్చున్నాను. ఏడైంది, ఏడున్నరైంది, చెట్ల మీద ఎండ పడలేదు. వేళ్ళు కొయ్యబారి షట్టర్ మీట ఎక్కడుందో తెలియని స్థితికి వచ్చాక, ఎనిమిది దాటి ఎండ ఎదుటి కొండగట్టు మీదుగా ఒక్కసారిగా దూకింది. అప్పటికది తెల్లగా, గట్టిగా ఉంది, నేను కోరుకున్న ఎర్రని తొలి ఎండ ఆ లోయకు రానే రాదు.

ఫోను యాప్‌లు చెప్పే సూర్యోదయం చదునైన దిగంతానికి వేసిన లెక్క. కొండల మధ్య ఎండ మీ దగ్గరికి ఎప్పుడు వస్తుందో మీ చేతితోనే కొలుచుకోవచ్చు. చేతిని పూర్తిగా ముందుకు చాచి చూస్తే బెత్తెడు సుమారు 8 డిగ్రీలు, పిడికిలి 10 డిగ్రీలు, బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన వరకు చాచిన జానెడు 20 డిగ్రీలు ఉంటాయి. సూర్యుడు వచ్చే దిక్కున గట్టు మీ కంటి మట్టానికి ఎంత పైన ఉందో ఇలా కొలవండి. సెప్టెంబరు చివరలో, 34 డిగ్రీల అక్షాంశం దగ్గర, జానెడు ఎత్తు గట్టు ఎండను గంటన్నరకు పైగా ఆపుతుంది. భూమధ్యరేఖకు దూరమయ్యే కొద్దీ ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఇంట్లో ఉండగానే చూసుకోవాలంటే పటం చాలు. మూడు కిలోమీటర్ల దూరంలో మీకన్నా 1,000 మీటర్లు ఎత్తున్న గట్టు దాదాపు 18 డిగ్రీల కోణంలో నిలుస్తుంది. ఫోటోపిల్స్ వంటి యాప్ సూర్యుడు ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉంటాడో గంట గంటకూ చూపిస్తుంది. ఆ ఎత్తును గట్టు కోణంతో పోల్చుకుంటే మీ సమయం తేలుతుంది.

దీనివల్ల ఉదయం మూడు భాగాలుగా విడిపోతుంది. ముందుగా తొలి ఎండ శిఖరాలకే తగులుతుంది. అప్పుడు శిఖరానికి తూర్పున నిలబడి, పడమటి వైపు తిరిగి తీయాలి. తర్వాత లోయంతా నీడలో ఉండి, పైన ఆకాశం వెలిగే సమయం వస్తుంది. మెత్తని ఆ వెలుతురులో చెట్ల గుంపులను టెలిఫోటోతో తీయండి. చాలామంది ఈ వేళలోనే టీ తాగడానికి వెళ్ళిపోతారు. చివరగా గట్టు మీదుగా సూర్యుడు తొంగిచూసే పది నిమిషాలున్నాయి. అప్పుడు సూర్యుడికి ఎదురుగా తిరిగి, లెన్సుకు చేతితో నీడ పట్టి తీస్తే ఆకులు దీపం పెట్టినట్టు లోపలి నుంచి వెలుగుతాయి. పోప్లార్ ఆకును దగ్గరగా చూస్తే ఈనెలు ముదురు గీతల్లా, మధ్య భాగం తేనెరంగులో, అంచు ఇంకా సన్నని ఆకుపచ్చలో కనిపిస్తాయి. అదే ఆకును సూర్యుడిని వీపు వెనక పెట్టుకుని చూస్తే వట్టి పసుపు ముద్దే.

6. చేరిన రోజు మధ్యాహ్నం చోట్లు చూసి పెట్టుకోండి

కాళ్ళరిగేలా తిరగనక్కరలేదు. మూడు ఎత్తుల్లో మూడు చోట్లు చాలు. ఒక్కో చోట కోణాలు కొలిచి, ఫోనుతో ఒక ఫోటో తీసి, జీపీఎస్ గుర్తు పెట్టుకోండి. బస నుంచి అక్కడికి చీకట్లో నడక ఎంత పడుతుందో పగలే నడిచి చూసి, దానికి సగం కలపండి. ఉదయం వాగు దాటవలసిన చోట రాళ్ళ మీద పలుచని మంచుపొర కట్టి ఉంటుంది, మధ్యాహ్నం అది కనిపించదు.

7. ప్రతి రాత్రి మర్నాటి నిర్ణయం తీసుకోండి

వాతావరణ సూచనను లోయలోని ఊరికి కాక, మీరు నిలబడబోయే ఎత్తుకు చూడాలి. నిర్మలమైన ఆకాశం ఉంటే శిఖరాలకు వెళ్ళండి. మబ్బు కమ్మితే అడవిలోకి వెళ్ళండి, మూసిన ఆకాశం కింద ఆకుల రంగు నిండుగా వస్తుంది. లోయలో పొగమంచు పట్టే సూచన ఉంటే పై మజిలీకి వెళ్ళి కిందికి చూస్తూ తీయవచ్చు. గాలి లేని తెల్లవారుజాము చెరువులకు కేటాయించండి, ఎండ ఎక్కాక సాధారణంగా గాలి లేచి నీటి మీది ప్రతిబింబం చెదిరిపోతుంది.

8. తీసేటప్పుడు

వైట్ బ్యాలెన్స్‌ను (రంగులు ఏ వెలుతురుకు తగ్గట్టు రావాలో చెప్పే అమరికను) డేలైట్‌లో పెట్టండి. ఆటోలో వదిలేస్తే కెమెరా పసుపును తప్పుగా భావించి చల్లార్చేస్తుంది. లెన్సు రంధ్రాన్ని (అపర్చర్‌ను) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచండి, ఎఫ్/22కు వెళితే వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్ళే కాంతి చెదరడం) వల్ల చిత్రమంతా మెత్తబడుతుంది. ఆకులు కదులుతుంటే ట్రైపాడ్ ఉన్నా సరే షట్టర్ వేగం 1/125 సెకనుకు తగ్గనివ్వకుండా ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి.

పోలరైజర్ ఆకుల మీది తళుకును తీసేసి రంగును బయటపెడుతుంది, తడి ఆకులైతే తేడా కంటికే తెలుస్తుంది. కాని దీని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున అత్యధికంగా ఉంటుంది, ఎత్తైన చోట ఆకాశం అసలే ముదురు నీలం. ఫిల్టర్‌ను చివరిదాకా తిప్పితే అది నల్లబడి, వైడ్ లెన్సులో ఒక పక్క మాత్రమే చీకటి మచ్చలా కనిపిస్తుంది. సగం తిప్పి ఆపండి. అది ఒకటి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) వెలుతురును తినేస్తుందని కూడా లెక్క వేసుకోండి.

బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి. వాడనివాటిని చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకోండి. చచ్చిందనుకున్న బ్యాటరీని కూడా పారేసినట్టు సంచి అడుగున పడేయకుండా వెచ్చబెట్టి మళ్ళీ వేసి చూడండి.

9. అక్కడే సరిచూసుకోండి

హిస్టోగ్రామ్‌లో (చిత్రంలో ఎడమ నుంచి కుడికి చీకటి నుంచి వెలుతురు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫులో) ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులనూ విడివిడిగా చూపించే ఎంపికను ఆన్ చేసుకోండి. ఎండ పడిన పసుపు ఆకుల విషయంలో తెల్ల హిస్టోగ్రామ్ సవ్యంగానే కనిపిస్తూ ఉంటుంది, ఈలోగా ఎరుపు గీత కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. ఆ ఆకుల్లో వివరం తర్వాత ఎంత లాగినా రాదు. ఎరుపు గోడను తాకిందంటే ఎక్స్‌పోజర్‌ను మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల స్టాపు వరకు తగ్గించి మళ్ళీ తీయండి.

తర్వాత చిత్రాన్ని నూరు శాతానికి పెద్దది చేసి ఒక చెట్టు కాండాన్ని, దాని ఆకులను చూడండి. కాండం స్పష్టంగా ఉండి ఆకులు చెదిరితే తప్పు గాలిది, షట్టర్ వేగం పెంచాలి. రెండూ చెదిరితే ట్రైపాడ్ కదిలింది, కొక్కేనికి సంచి తగిలించి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. అయితే సంచి గాలికి ఊగకుండా నేలకు ఆనేలా చూసుకోండి. రెండూ సమంగా మసకబారి ఉంటే ఫోకస్ తప్పింది, లేదా లెన్సు మీద మంచు పట్టింది. టార్చి వేసి లెన్సును ఒకసారి చూడండి, నోటితో మాత్రం ఊదవద్దు, ఆ ఆవిరి అక్కడే గడ్డకడుతుంది.

10. బసకు తిరిగివచ్చాక

గడ్డకట్టే చలిలో ఉన్న కెమెరాను వెచ్చని గదిలోకి నేరుగా తెస్తే లోపలా బయటా నీటి చెమ్మ పడుతుంది. తలుపు బయటే, చలిలోనే, ముందుగా మెమరీ కార్డును, బ్యాటరీని బయటికి తీసి జేబులో వేసుకోండి. అలా తీసుకోకపోతే ఫోటోలు చూసుకోవాలన్న ఆత్రంలో సంచిని మధ్యలోనే విప్పేస్తారు. కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి పిండేసి, మూత బిగించి లోపలికి తీసుకువెళ్ళండి. గది వేడికి వచ్చేదాకా, అంటే గంట రెండు గంటలు, దాన్ని ముట్టుకోవద్దు. చెమ్మ సంచి బయటి వైపు పడుతుంది.

ఆలోగా కార్డును రెండు వేరువేరు చోట్లకు కాపీ చేసి, కాపీల నుంచి నాలుగైదు ఫైళ్ళను తెరిచి చూడండి. ఇల్లు చేరేదాకా కార్డులను ఫార్మాట్ చేయకండి. పడుకునే ముందు ఆ రోజు తేదీ, తిరిగిన ఎత్తులు, ఒక్కో ఎత్తులో ఆకు పచ్చగా ఉందా, పండిందా, రాలిందా అన్నది మూడు ముక్కల్లో రాసి పెట్టుకోండి. మర్నాడు ఎక్కాలో దిగాలో చెప్పేది ఆ కాగితమే.